భూటాను దేశమును తెలుపు గ్రంథములు

మన దేశపు ఈశాన్యపు సరిహద్దున, సిక్కిమునకును అరుణాచల ప్రదేశమునకును నడుమ, టిబెట్టును ఉత్తరపు టెల్లగా గొని భూటాను అను చిన్నరాజ్యము కలదు. దాని వైశాల్యము సుమారు 38,000 చదరపు కిలోమీటర్లు. పూర్వపు ఉభయ గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలను కలిపినచో రమారమి అంత నేల యగును. జనసంఖ్య మాత్రము 2017 నాటి గణనములో సుమారు 7,27,000. మన యొక పెద్ద పట్టణమందలి జనముకంటె తక్కువ. దక్షిణమున దట్టమైన యడవులు, ఉత్తరమున హిమశిఖరములు. వానిలో గంగ్‌ఖర్ పున్సుమ్ అనునది 7,570 మీటర్ల యెత్తుగలది. దాని కొనపై నేటివఱకు మానవుడు కాలు మోపలేదు. ఆ దేశీయులు తమ దేశమును 'డ్రుక్ యుల్' అందురు. ఉరుమువంటి గర్జనము గల నాగము డ్రుక్. ఆ నాగము యొక్క దేశమని యర్థము. భూటాను అను పేరు పరులు పెట్టినది.

1958 సెప్టెంబరులో భారత ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ ఆ దేశమునకు పోయినపుడు మోటారు పోవు బాట లేదు. ఆయన నాథూలా కనుమ దాటి, టిబెట్టులోని చుంబీలోయ మీదుగా, గుఱ్ఱముపైనను జడలబఱ్ఱెపైనను కాలినడకను పారో చేరెను. భారతదేశమునుండి రాజధానియగు థింపూకు బాట పడినది 1960 తరువాతనే. ఇట్టి దేశమును గూర్చి లోకమునకు తెలిసినదంతయు చిరకాలము గ్రంథముల ద్వారమునే తెలిసినది. ఆ గ్రంథములు రెండు తెగలు. ఆ దేశమువారు తమకొఱకు వ్రాసికొన్నవి యొక తెగ. అన్యులు తమ పనికొఱకు వ్రాసికొన్నవి రెండవ తెగ. రెండు వందల యేండ్లకు పైగా ఈ రెండు తెగలును ఒకదాని నొకటి యెఱుగక వేర్వేఱు అలమారులలో నుండిపోయినవి. ఆ యెఱుగమివలన ఒక యుద్ధము కూడ జరిగినది.

మొదట ఆ దేశపు సొంత గ్రంథములను చూతము. భూటానులో పుస్తకమనగా కుట్టు వేసి అట్టకట్టినది కాదు. వెడల్పు తక్కువ, నిడివి యెక్కువ గల విడియాకులను దొంతిగా పేర్చి, క్రిందను పైనను కొయ్యపలకల నుంచి, పట్టువస్త్రముతో చుట్టి, త్రాటితో బిగింతురు. మన తాటాకు గ్రంథముల రూపమే యది. తాటిచెట్టు లేని మంచుకొండలకు బౌద్ధముతోపాటు తాళపత్రపు కొలత యెక్కిపోయినది. ఆకు మాఱినను ఆకారము మాఱలేదు. అచ్చటి కాగితమును ఒక కొండపొద నారనుండి చేతితో చేయుదురు. కొన్ని గ్రంథములను నల్లని కాగితముపై సువర్ణాక్షరములతో వ్రాసిరి. మఱికొన్నిటిని కొయ్యపలకలపై అక్షరములను తిరుగవేసి చెక్కి ముద్రించిరి. గ్రంథము బుద్ధవాక్కు గావున దానిని నేలమీద పెట్టరు, దాటరు. పుస్తకమునకు కాలు తగిలినచో కన్నుల కద్దుకొను మనకు ఈ యాచారము వింత కాదు.

ఈ గ్రంథములలో ప్రధానములు కంగ్యూరు, తెంగ్యూరు అను రెండు మహాసంగ్రహములు. మొదటిది బుద్ధవచనముల యనువాదము. తఱచు 108 సంపుటములుగా నుండును. రెండవది భారతీయాచార్యులు వ్రాసిన శాస్త్రముల యనువాదము. 220 సంపుటములకు మించినది. ఆంధ్రులకు ఈ రెండవదానితో నిజమైన బంధుత్వము కలదు. ఆచార్య నాగార్జునుడు తన మిత్రుడగు శాతవాహన రాజునకు వ్రాసినట్లు చెప్పబడు 'సుహృల్లేఖ' యొక్క సంస్కృతమూలము మనకు దక్కలేదు. టిబెట్టు, చీనా అనువాదములు దక్కినవి. మన నేలపై పుట్టి మన నేలపై నశించిన యుత్తరము, తెంగ్యూరు ఆకులలో నిలిచియున్నది. బుద్ధుడు కాలచక్రతంత్రమును ధాన్యకటక మహాచైత్యమున బోధించెనని ఆ సంప్రదాయమువారి నమ్మకము. ధాన్యకటకము పేరును టిబెట్టు భాషలోనికి మార్చినచో 'డ్రెపుంగ్' అగును. లాసా చెంత 1416 లో వెలసిన గొప్ప విహారమునకు ఆ పేరే పెట్టిరి. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్రపూజ జరిపినపుడు భూటానునుండియు భక్తులు వచ్చుటకు కారణమిదియే.

భూటానీయుల దృష్టిలో గ్రంథములు వ్రాయబడుటయే కాదు, దొరకును కూడ. ఎనిమిదవ శతాబ్దిలో ఆ కొండలకు వచ్చిన పద్మసంభవుడు, ప్రజలు యోగ్యులైనపుడు బయల్పడునట్లు గ్రంథములను శిలలయందును సరస్సులయందును దాచిపోయెనని నమ్మకము. వానిని వెలికి తీయువారిని 'తెర్తోన్' అందురు. వారిలో మిక్కిలి ప్రసిద్ధుడు బుంథాంగ్ ప్రాంతీయుడగు పెమా లింగ్పా (1450-1521). కమ్మరికుటుంబములో పెరిగిన ఈ మహనీయుడు వెలుగుచున్న దీపము చేతబట్టి ఒక లోతైన మడుగులోనికి దూకి, దీపమాఱకుండ నిధిగ్రంథముతో పైకి వచ్చెనని చెప్పుదురు. ఆ మడుగునకు నేటికిని 'మండు సరస్సు' అనియే పేరు. కథయందలి నిజానిజముల నట్లుంచి, పెమా లింగ్పా వ్రాసిన స్వీయచరిత్ర మాత్రము చరిత్రకారునకు నిజమైన నిధి. పదునైదవ శతాబ్దిలో ఒక కొండలోయలోని మనుష్యులు ఎట్లు బ్రతికిరో, ఆతనిని ఎవరు నమ్మిరో, ఎవరు శంకించిరో అందు గనబడును.

పదునేడవ శతాబ్దిలో దేశమున కొక రూపము వచ్చెను. టిబెట్టులో తన పీఠమునకై వివాదము రాగా షబ్‌డ్రుంగ్ ఙవాంగ్ నమ్‌గ్యాల్ (1594-1651) అను లామా 1616 లో దక్షిణమునకు తరలివచ్చి, లోయలన్నిటిని కలిపి, 'జోంగ్' అనబడు కోటల నెత్తించి, ధర్మపాలనమునకు జే ఖెన్‌పోను, లౌకికపాలనమునకు దేశీని ఏర్పఱచెను. బ్రిటిషువారు వ్రాసిన కాగితములలో దేబ్ రాజా యనబడువాడు ఈ దేశీయే. షబ్‌డ్రుంగ్ యొక్క అవతారములుగా వచ్చినవారిని ధర్మరాజా యనిరి. 1651 లో పునాఖా కోటలో షబ్‌డ్రుంగ్ మరణించెను. ఆ వార్తను ఏబదియేండ్లకు పైగా దాచిరి! ఆయన దీర్ఘధ్యానములో నున్నాడని ప్రకటించి, ప్రతిదినము భోజనము లోనికి పంపుచు, ఆయన పేరనే ఆజ్ఞలు వెలువరించిరి. క్రొత్తరాజ్యము చీలిపోవునను భయమే దీనికి కారణము. త్సాంగ్ ఖెన్‌చెన్ అను పండితుడు వ్రాసిన షబ్‌డ్రుంగ్ జీవితచరిత్రయు, తెన్‌జిన్ చోగ్యాల్ అను జే ఖెన్‌పో 1759 లో ముగించిన దక్షిణదేశ ధర్మచరిత్రయు ఈ కాలమునకు ముఖ్యాధారములు.

ధర్మచరిత్ర యనగానే మహిమలు, వరములు మాత్రమే యుండునని తలంపరాదు. 1729 నాటి న్యాయశాసనము ఆ గ్రంథములో చేర్చబడినది. అధికారులు ప్రజలనుండి ఎంతవఱకు పుచ్చుకొనవచ్చునో, ఏమి పుచ్చుకొనరాదో అందు కలదు. పొగాకును తీవ్రముగా నిందించు భాగము కూడ నందున్నది. ఒక దేశము తన పాలకులకు తానే హద్దులు గీచికొని వ్రాతలో పెట్టిన సంగతి తరువాత వచ్చిన ఆంగ్లాధికారులలో ఒక్కనికైనను తెలిసియున్నచో వారి నివేదికలు మఱొక తీరున నుండెడివి.

ఆ దేశీయ గ్రంథములకు శత్రువు నిప్పు. కోటలన్నియు కొయ్యదూలములతో కట్టినవి, వెలుతురునకు నేతిదీపములు. 1832 లో పునాఖా కోట తగులబడినపుడు అపారమైన వ్రాతప్రతులు బూడిదయయ్యెను. 1897 జూన్ 12 వ తేదీన అస్సామును కుదిపిన మహాభూకంపము భూటాను కోటలను గూడ కూల్చెను. 1907 లో పారో కోట కాలిపోయెను. దేశచరిత్రలో సంధులు కనబడినచో దానికి చరిత్రకారుల యలసత్వము కారణము కాదు.

ఇక అన్యుల గ్రంథములు. భూటానును చూచి వ్రాసిన మొదటి ఐరోపీయులు ఇద్దఱు పోర్చుగీసు జెసూట్ పాదరులు: ఎస్తెవాన్ కసెల్లా, జువాన్ కబ్రాల్. 1627 లో వంగదేశమునుండి కొండలెక్కిన వీరు షబ్‌డ్రుంగ్‌నే స్వయముగా దర్శించిరి. కసెల్లా ఆ యేడు అక్టోబరు 4 వ తేదీన చేరీ విహారమునుండి తన పైవారికి సుదీర్ఘమైన లేఖ వ్రాసెను. షబ్‌డ్రుంగ్ తమ్మెంత యాదరించెనో, ఆయన అన్నము మాని పాలు, పండ్లతో నెట్లు గడపెనో, చిత్రలేఖనమునందును శిల్పమునందును ఆయన కెంత నేర్పుండెనో అందు వ్రాసెను. మతము మార్పింపవచ్చిన వాడు అన్యమతగురువును గూర్చి ఇంత గౌరవముతో వ్రాయుట చెప్పుకొనదగినది. కసెల్లా 1630 లో టిబెట్టులోని షిగాత్సేలో మరణించెను. ఆ లేఖ దాదాపు మూడువందల యేండ్లు మఱుగుననే యుండి 1924 లో వెస్సెల్స్ అను పండితుని గ్రంథములో అచ్చుకెక్కెను. భూటానును గూర్చి వ్రాసిన తొలి ఐరోపీయ లేఖ అందఱికంటె ఆలస్యముగా పాఠకుల చేత బడినది.

ఈస్టిండియా కంపెనీవారి రాక కలహముతో ఆరంభమయ్యెను. 1772 లో కూచ్‌బిహారు సింహాసనపు తగవులో భూటాను జోక్యము చేసికొనగా, కంపెనీ సైన్యము వారిని కొండలలోనికి తఱిమెను. టిబెట్టులోని పంచెన్ లామా మధ్యవర్తిత్వము చేయుచు వారన్ హేస్టింగ్సునకు లేఖ వ్రాసెను. 1774 ఏప్రిలులో సంధి కుదిరెను. ఆ యేడే హేస్టింగ్సు జార్జి బోగిల్ అను స్కాట్లండు యువకుని దూతగా పంపెను. దారిపొడుగున బంగాళాదుంపలు నాటుచు పొమ్మని యాతనికి ఆదేశము. బోగిల్ అట్లే చేసెను. మనము బంగాళమునకు అంటగట్టిన దుంపకు భూటాను చరిత్రలోను ఒక తేదీ కలదన్నమాట.

బోగిల్ వ్రాతలలో అహంకారము లేదు. కొండప్రజల సరళస్వభావమును మెచ్చుకొన్నాడు. వారి గురువులతో గంటలకొలది సంభాషించినాడు. కాని ఆతడు 1781 లో కలకత్తాలో మరణించెను. కాగితములు బంధువుల యింట నుండిపోయి, 1876 లో క్లెమెంట్స్ మార్‌హామ్ సంపాదకత్వమున వెలువడినవి. నూఱేండ్లు దాటిన పిమ్మట! ఆ నూఱేండ్ల నడుమ భూటానుతో వ్యవహరించిన యధికారులలో బోగిల్ ఏమి చూచెనో పూర్తిగా చదివినవారు అరుదు. ఒక మంచి గ్రంథము వేళకు అచ్చు పడకపోవుటవలన కలుగు నష్టము లెక్కకు రాదు.

1783 లో శామ్యూల్ టర్నర్ రెండవ దూతగా పోయెను. ఆతని గ్రంథము 1800 లో లండనులో అచ్చయ్యెను. ఫ్రెంచి, జర్మను భాషలలోనికి వెంటనే పోయెను. బోగిల్ వ్రాతలు వెలువడువఱకు భూటానును గూర్చి ఐరోపా చదివినది ముఖ్యముగా టర్నరునే. ఆతని వెంట పోయిన శామ్యూల్ డేవిస్ చిత్రకారుడు. టిబెట్టులోనికి పోవుటకు అనుమతి దొరకక భూటానులోనే ఆగిపోయెను. ఆ యడ్డంకి మనకు మేలే చేసినది. కోటలు, వంతెనలు, లోయలు యథాతథముగా నీటిరంగులలో నిలిచినవి. వాంగ్‌దీ ఫోడ్రాంగ్ కోట 2012 లో కాలిపోయి, తిరిగి కట్టబడి 2022 లో ప్రతిష్ఠితమైనది. దాని పూర్వరూపము నెఱుగుటకు డేవిస్ చిత్రము నేటికిని సాక్ష్యము. ఆ చిత్రములను, దినచర్యను చేర్చి మైకేల్ ఆరిస్ 1982 లో ప్రకటించెను. ఇదే డేవిస్ 1799 లో కాశీలో న్యాయాధికారిగా నుండి, వజీర్ అలీ మనుష్యులు ఇంటిపై బడినపుడు మేడమెట్లపై బల్లెము పట్టి నిలిచి కుటుంబమును కాపాడుకొన్నవాడు.

ఈ వరుసలో తగినంత కీర్తి పొందనివాడు ఒక భారతీయుడు. 1815 లో రంగపురపు అధికారి డేవిడ్ స్కాట్ పంపగా భూటాను పోయిన కృష్ణకాంత బోసు ఆ దేశపు పాలనను గూర్చి వ్రాసిన వృత్తాంతము, స్కాట్ ఆంగ్లీకరింపగా, 1825 లో 'ఏషియాటిక్ రిసెర్చెస్' పదునైదవ సంపుటములో వెలువడెను. బోసునకు ప్రకృతివర్ణనలపై మోజు లేదు. ఏ యుద్యోగి యేమి చేయును, పన్ను లెట్లు చెల్లును, ఏ సరకు ఎటు పోవును, ఎవరు ఎవరికి లోబడియుందురు అనునవి మాత్రమే వ్రాసెను. జమాఖర్చులెఱిగిన గుమాస్తా కన్ను అది. తరువాతి ఆంగ్లనివేదికలు పాలనావిషయములలో బోసు వృత్తాంతముపై ఎంతయో ఆధారపడినవి.

1837-38 లో పోయిన పెంబర్టన్ నివేదిక (1839) భూగోళ విషయములలో గట్టిది, తీర్పులలో కఠినమైనది. వెంట పోయిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం గ్రిఫిత్ మొక్కలను ప్రేమించినంతగా మనుష్యులను ప్రేమింపలేదు. ఆ దౌత్యము విఫలమయ్యెను. కొండల పాదమున ఫలవంతమైన మైదానపు పట్టెడ కలదు. కొండకనుమల వాకిళ్లగుటచే వానిని 'దువార్లు' అందురు. మన 'ద్వారము' అను మాటయే అది. మొత్తము 18: బెంగాలు వైపున 11, అస్సాము వైపున 7. కొండవారికి వరి, ప్రత్తి, వెట్టి, వర్తకము అన్నియు ఇచ్చటినుండియే లభించెడివి. 1841 లో కంపెనీ అస్సాము దువార్లను కలుపుకొని, ఏటేట 10,000 రూపాయల పరిహారము నిర్ణయించెను.

అటుపిమ్మట వచ్చినది ఆష్లీ ఈడెన్ దౌత్యము. సరిహద్దున దోపిడులు, మనుష్యుల నెత్తుకొనిపోవుట జరుగుచున్నవని ఫిర్యాదులుండెను. భూటానులో నాడు అంతఃకలహము. అధికారము తోంగ్సా పెన్‌లోప్ అగు జిగ్మే నమ్‌గ్యాల్ చేతిలో నుండెను. సరియైన ఆహ్వానము రాకున్నను, ఆగుడని దారిలో చెప్పినను వినక, 1864 జనవరిలో ఈడెన్ డార్జిలింగునుండి బయలుదేఱి మార్చిలో పునాఖా చేరెను. అచ్చట నిండుకొలువులో ఆతనికి అవమానము జరిగెను. ముఖమునకు తడిపిండి పూసిరి, జుట్టు పట్టి లాగిరి. దువార్లను తిరిగి యిచ్చునట్లు ఒక కాగితముపై సంతకము చేయించిరి. నిర్బంధమువలన చేసితినను మాట ఆంగ్లములో చేర్చి ఈడెన్ సంతకము పెట్టెను.

దూతను అవమానించుట ఏ ధర్మమునకును ఒప్పదు. మన రామాయణములో విభీషణుడు రావణునకు చెప్పినదియు నదియే. ఆ దోషము భూటాను కొలువుదే. కాని ఈడెన్ తిరిగివచ్చి వ్రాసిన నివేదిక ఆ దోషముతో ఆగలేదు. ఒక కొలువులో కొందఱు చేసిన పనికి జాతి నంతటిని దుష్టజాతిగా చిత్రించెను. ఆ దేశమునకు చట్టము లేదు, నీతి లేదు, కృతజ్ఞత లేదు అన్న ధోరణి. 1729 నాటి శాసనము ఆతడు కూర్చుండిన కోటలలోనే ఏదో అరలో వస్త్రములో చుట్టియుండెను; దానిని చదువవలెనన్న కోరిక ఆ బృందమునకు లేదు. ఈడెన్, పెంబర్టన్, గ్రిఫిత్, బోసు వ్రాతలను కలిపి 1865 లో కలకత్తాలో ప్రభుత్వమే ఒకే సంపుటముగా అచ్చు వేసెను. అప్పటికే యుద్ధము నడచుచుండెను.

1864 నవంబరులో సైన్యములు కదలెను. తేలికగా ముగియునన్న యుద్ధములో 1865 ఆరంభమున దేవన్‌గిరియొద్ద భూటానీయులు బ్రిటిషువారిని వెనుకకు నెట్టి రెండు ఫిరంగులను పట్టుకొనిరి. తుదకు ఆ యేడు నవంబరు 11 వ తేదీన సించులా సంధి జరిగెను. 18 దువార్లును పోయినవి. ప్రతిగా క్రమముగా పెరిగి ఏటికి 50,000 రూపాయలగు పరిహారము. పోయిన నేలలో తరువాత తేయాకు తోటలు లేచినవి. తోటల లాభమును, పరిహారపు మొత్తమును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఆ యుద్ధమునకు ఈడెన్ ముఖమునకు పూసిన పిండియొక్కటే కారణమని నమ్ముట కష్టము.

ఆశ్చర్యమేమనగా, దీనికి తొలి ప్రతివాదము ఒక ఆంగ్లేయునినుండియే వచ్చెను. డేవిడ్ ఫీల్డ్ రెన్నీ అను సైనికవైద్యుడు 1866 లో భూటానును గూర్చియు దువారు యుద్ధమును గూర్చియు ఒక గ్రంథము ప్రకటించి, పూర్వపు పత్రములను తిరుగవేసి, సరిహద్దు తగవులలో తప్పంతయు భూటానుదే కాదని చూపెను. వేడి చల్లాఱకముందే తన ప్రభుత్వపు విధానమును ప్రశ్నించుటకు ధైర్యము కావలెను. ఈడెన్ నివేదికను చదువువారు రెన్నీని కూడ చదువవలెను. ఒకదానిని మాత్రమే అరలో నుంచు గ్రంథాలయము పాఠకునకు సగము వ్యాజ్యమునే వినిపించినట్లగును.

జిగ్మే నమ్‌గ్యాల్ కుమారుడే ఉగ్యెన్ వాంగ్‌చుక్. తండ్రిని దుర్మార్గుడని చాటిన బ్రిటిషువారే కుమారుని ఉత్తముడని కీర్తించిరి. 1904 లో యంగ్‌హస్బెండ్ సైన్యము లాసాకు పోయినపుడు ఉగ్యెన్ వాంగ్‌చుక్ మధ్యవర్తిగా నిలిచెను. 1905 లో బిరుదమును తీసికొనిపోయిన జాన్ క్లాడ్ వైట్, 1907 డిసెంబరు 17 వ తేదీన పునాఖాలో జరిగిన పట్టాభిషేకమునకు మరల పోయెను. ఆతని 'సిక్కిం, భూటాన్' గ్రంథము 1909 లో వెలువడెను. మనుష్యు లంతలో మాఱరు; చూచువారి యవసరము మాఱినది. అయినను వైట్ ప్రేమ కృత్రిమము కాదు. ఆతడు తీసిన ఛాయాచిత్రములు 1914 లో 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రికలో రాగా, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున ఎల్ పాసో నగరపు గనుల కళాశాలాధిపతి భార్య వానిని చూచి ముచ్చటపడెను. 1917 లో ఆ కళాశాల భవనములను భూటాను కోటల తీరున కట్టిరి. నేటికిని ఆ విశ్వవిద్యాలయపు కట్టడము లట్లే యుండును. ఒక పత్రిక సంచిక ఎడారియంచున ఇట్టి కోటలను లేపినది.

భారతదేశము స్వతంత్రమైన పిదప 1949 ఆగస్టు 8 వ తేదీన క్రొత్త సంధి జరిగి, దేవన్‌గిరి భూటానునకు తిరిగి లభించెను. తృతీయ రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ (1952-1972) కాలమున బానిసత్వము పోయెను, జాతీయసభ వచ్చెను, 1971 లో ఐక్యరాజ్యసమితిలో స్థానము లభించెను. పాఠశాలలలో మొదట హిందీయు తరువాత ఆంగ్లమును బోధనభాషలయ్యెను. ఈ కాలమున భారతీయులు వ్రాసిన గ్రంథములు కొన్ని ఉపయోగకరములు: ప్రద్యుమ్న కరణ్ భూగోళము (1967), నాగేంద్ర సింగ్ చరిత్ర (1972), ఈశాన్యమున చిరకాలము పనిచేసిన నారీ రుస్తుంజీ వ్రాసిన స్మృతులు (1971). రుస్తుంజీ గ్రంథము చదువుటకు కథవలె హాయిగా నుండును. స్నేహితుల లోపములను చూపుటకు మాత్రము మొగమాటపడును.

1967 లో థింపూలో జాతీయ గ్రంథాలయము స్థాపితమైనది. దాని నేటి భవనము ఆలయరూపమున నాలుగంతస్తులుగా నున్నది. లోపల ప్రతిమలు, వస్త్రములలో చుట్టిన వేలకొలది గ్రంథములు. జపమాల చేతబట్టి దానిచుట్టు ప్రదక్షిణము చేయు వృద్ధులను చూడవచ్చును. రెండు తెగల గ్రంథములు ఒక్క కప్పు క్రింద చేరుటకు ఆరంభమిది. ఆ 1967 లోనే రాజకుటుంబపు బిడ్డలకు ఉపాధ్యాయుడుగా వచ్చిన మైకేల్ ఆరిస్ అను ఆంగ్లయువకుడు ఆరేండ్లుండి, వారి గ్రంథభాషను నేర్చి, రెండు తెగలను ఎదురెదురుగా పెట్టి చదివెను. 1979 లో వెలువడిన ఆతని తొలి చరిత్రలో షబ్‌డ్రుంగ్ మరణరహస్యము, కాలనిర్ణయము తేటపడినవి. 1729 శాసనపు అనువాదము 1986 లోను, పెమా లింగ్పాపై గ్రంథము 1988 లోను, రాజవంశచరిత్ర 1994 లోను వచ్చినవి. పెమా లింగ్పాను గూర్చి ఆరిస్ వ్రాసినది భక్తులకు నొప్పి కలిగించునంత విమర్శనాత్మకము. కాని ఆధారము లేని మాట ఆతడు వ్రాయడు.

అదే సమయమున భూటానీయులు తామే కలము పట్టిరి. లామా నాదో 1986 లో తమ గ్రంథభాషలో దేశచరిత్ర వ్రాసెను. కర్మ ఉరా 1995 లో ఒక కొలువుసేవకుని జీవితమును ఆధారముగా గొని చారిత్రకనవలను ఆంగ్లములో వెలువరించెను; పన్నులు మోసిన వీపులు, కొరడాదెబ్బలు, పాత రాచకొలువు చీకటిమూలలు అందులో కలవు. కుంజాంగ్ చోడెన్ జానపదకథలను సేకరించి 1994 లో ప్రకటించెను. 2005 లో వచ్చిన ఆమె నవల 'సర్కిల్ ఆఫ్ కర్మ' చదువు నిరాకరింపబడిన ఒక పల్లెపడుచు కథ. తండ్రి ఇతరుల బిడ్డలకు అక్షరములు నేర్పుచుండగా కూతురు వంటపనిలో నుండుట మన పల్లెలకు తెలియని సంగతి కాదు. 2013 లో కర్మ ఫుంట్‌షో వ్రాసిన బృహచ్చరిత్ర వచ్చినది. విహారములో భిక్షువుగా చదివి, పిదప ఆక్స్‌ఫర్డులో పట్టము పొందిన ఈ పండితుడు రెండు అలమారులును తెఱువగలవాడు. భూటానును గూర్చి ఒక్కటే పుస్తకము కొనగల చిన్న గ్రంథాలయము దీనినే కొనవలెను.

అయినను ఆ దేశమువారు వ్రాసినదానితోను, యాత్రికులు మెచ్చినదానితోను తృప్తిపడరాదు. 1990 ప్రాంతమున పౌరసత్వ నియమములు, భాషావేషముల నిబంధనలు కఠినములు కాగా, దక్షిణ భూటానులోని నేపాలీభాషీయులు లక్షమంది వఱకు దేశము విడిచి నేపాలు శిబిరములు చేరిరి. 2007 తరువాత వారిలో అత్యధికులు అమెరికా మొదలగు దేశములకు పోయి స్థిరపడిరి. ఈ విషయమున మైకేల్ హట్ 2003 లో ప్రకటించిన పరిశోధనము ముఖ్యము. ఆనందమును రాజ్యాదర్శముగా పెట్టుకొన్న దేశమని భూటానును పొగడు గ్రంథములు నేడు కోకొల్లలు. వాని ప్రక్కన హట్ గ్రంథ ముండవలెను, ఈడెన్ ప్రక్కన రెన్నీ యుండవలసినట్లే.

నిప్పునకు తప్పించుకొన్న ఆకుల సంగతి యింకను మిగిలినది. కొండలలోని విహారములందు నేటికిని పట్టికకెక్కని గ్రంథములు పెక్కు కలవు. నశించుచున్న పత్రభాండారములను రక్షించుటకై లండనులోని బ్రిటిషు గ్రంథాలయము నడపు పథకముక్రింద, కర్మ ఫుంట్‌షో పూనికతో వానికి ఛాయాచిత్రములు తీయు పని 2005 ప్రాంతమున ఆరంభమైనది. మొదట చేపట్టినవానిలో గాంగ్‌తే విహార మొకటి. పెమా లింగ్పా మనుమడు స్థాపించిన విహారమది. చలికాలమున టిబెట్టునుండి నల్లమెడ కొంగలు వచ్చి దాని క్రింది లోయలో దిగును. మూలప్రతులు దేశము విడిచిపోరాదని ఆ పథకపు నియమము. మూట విప్పి, ఒక్కొక్క ఆకును రెండు ప్రక్కల చిత్రించి, మరల పలకల నడుమ పేర్చి, వస్త్రము చుట్టి, త్రాడు బిగించి, గ్రంథమును వెనుకటి యరలోనే యుంచుదురు.